మొక్కజొన్న చేలు చూడ్డానికొచ్చినవాళ్ళు

న్యూజెర్సీలో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఏటా మే నెలలో ఫోన్ చేసి ఒకటే ప్రశ్న వేస్తాడు. "ఒరే తమ్ముడూ, ఈ వేసవికి మీ వైపు వద్దామనే ఉందిరా. కానీ అక్కడ చూడ్డానికేముంది?" నేను అయోవా రాష్ట్రంలో అడుగుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ఇరవై ఏళ్ళలో అన్నయ్య నయాగరా నాలుగుసార్లు చూశాడు, లాస్ వేగాస్ మూడుసార్లు వెళ్ళాడు, గ్రాండ్ కాన్యన్ దగ్గర వదినతో కలిసి ఒకే బండరాయి మీద రెండు వేర్వేరు సంవత్సరాల్లో ఫోటో దిగాడు. మా ఇంటికి మాత్రం రాలేదు. నేనేమీ అనుకోను. రమ్మని పిలవడానికి నా దగ్గర ఒక జలపాతం గాని, మంచుకొండ గాని, కనీసం సముద్రం గాని లేవు. ఉన్నదల్లా మొక్కజొన్న. అది దాటితే సోయాబీన్.

అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మనసులో ఉక్రోషం కూడా ఉందనుకోండి. ఈ రాష్ట్రానికి ఇంతకు ముందు ఎవరెవరు వచ్చారు, ఏం చూశారు అని చదవడం మొదలుపెట్టాను. తేలిందేమిటంటే, వచ్చినవాళ్ళలో కొందరు మామూలు మనుషులు కారు. వాళ్ళు వచ్చింది కూడా ఆ మొక్కజొన్న చేను చూడ్డానికే.

అయోవా ఎక్కడుందో ముందు చెప్పాలి. తూర్పున మిసిసిపీ నది, పడమట మిస్సోరీ నది, మధ్యలో మేము. గోదావరి జిల్లావాణ్ణి కాబట్టి నదులతో మొదలుపెట్టాను, ఏమీ అనుకోకండి. విస్తీర్ణంలో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త చిన్నది. జనం 2020 లెక్కల ప్రకారం 32 లక్షలు. పందులు 2 కోట్ల పైచిలుకు. రాజధాని పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు రెండు చోట్ల 'ఎస్' వస్తుంది, పలికేటప్పుడు రెండూ మింగేసి డిమోయిన్ అనాలి. దిగిన మొదటి రోజునే టాక్సీ అతనితో డెస్ మోయిన్స్ అని నవ్వించాను. అక్కణ్ణించి ఉత్తరంగా 35 మైళ్ళు వెళితే ఏమ్స్ అనే ఊరు, అందులో అయోవా స్టేట్ యూనివర్సిటీ. నేను కంప్యూటర్ సైన్సులో ఎం.ఎస్. చేసింది అక్కడే. మా డిపార్ట్‌మెంట్ భవనం పేరు అటనాసాఫ్ హాల్. ఆ అటనాసాఫ్ అనే ఫిజిక్సు ప్రొఫెసరు, ఒక శిష్యుణ్ణి వెంటేసుకుని, ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో తొలివాటిలో ఒకదాన్ని 1939-42 మధ్య ఈ మొక్కజొన్న చేల మధ్యనే కట్టాడు. దాని ఊహ తట్టింది మాత్రం ఇక్కడ కాదట. ఒక చలికాలం రాత్రి విసుగెత్తి కారేసుకుని, మిసిసిపీ దాటి ఇల్లినాయిలో ఒక మందు దుకాణం దగ్గర ఆగితే, అక్కడ తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. అంచేత మా రాష్ట్రం గొప్పదనంలో పొరుగు రాష్ట్రం వాటా కొంచెం ఉంది.

పర్యాటకుల కరపత్రాల్లో ముందు కనిపించేవి మూడు. వింటర్‌సెట్ ఊరి చుట్టుపక్కలున్న కప్పు వేసిన చెక్క వంతెనలు ఒకటి. ఒకప్పుడు 19 ఉండేవి, ఇప్పుడు 6. వంతెనకి ఇంటిలాగా కప్పెందుకయ్యా అంటే, కింద దూలాలూ బల్లలూ వానకీ మంచుకీ పుచ్చిపోతే మార్చడం బాగా ఖర్చు, పైకప్పు మార్చడం చవక. అంతకు మించి అందులో శృంగారం ఏమీ లేదు. 1992లో రాబర్ట్ జేమ్స్ వాలర్ నవల రాశాక, 1995లో క్లింట్ ఈస్ట్‌వుడ్ సినిమా తీశాక శృంగారం వచ్చింది. వాటిలో సీడార్ బ్రిడ్జిని 2002లో ఒకసారి, 2017లో మరోసారి తగలబెట్టారు. రెండుసార్లూ మళ్ళీ కట్టుకున్నారు.

రెండోది ఎల్డన్‌లో ఒక చిన్న తెల్ల ఇల్లు. గడ్డి ఎత్తే మూడు పళ్ళ కర్ర పట్టుకున్న పెద్దాయన, పక్కన ముభావంగా ఒకామె, వెనక ఆ ఇల్లు. 1930లో గ్రాంట్ వుడ్ వేసిన 'అమెరికన్ గోథిక్' బొమ్మ మీరు ఏదో ఒక రూపంలో చూసే ఉంటారు. ఆ బొమ్మకి కూర్చున్నది రైతూ కాదు, రైతు కూతురూ కాదు. ఆయన చిత్రకారుడి పళ్ళ డాక్టరు, ఆమె చిత్రకారుడి చెల్లెలు. అసలు బొమ్మ షికాగోలో ఉంది. ఎల్డన్‌కి వెళితే కోటూ, ఏప్రనూ, కర్రా అరువిస్తారు, ఫోటో దిగి తిరిగిచ్చెయ్యాలి. మా ఆవిడా నేనూ దిగాం. మూడోది డయర్స్‌విల్ దగ్గర మొక్కజొన్న చేను కొట్టేసి కట్టిన బేస్‌బాల్ మైదానం. 1989లో వచ్చిన 'ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్' సినిమా కోసం కట్టారు. 2021 ఆగస్టు 12న దాని పక్కనే నిజం మైదానం కట్టి వైట్ సాక్స్‌కీ యాంకీస్‌కీ మేజర్ లీగ్ ఆట పెడితే దేశమంతా చూసింది. సినిమాలో ఆ రైతు అప్పుల్లో ఉంటాడు, పొలం చెయ్యి జారుతుందేమోనన్న భయం కథంతా వెన్నాడుతుంది. చూసినవాళ్ళకి గుర్తుండేది చేలోంచి నడిచొచ్చే ఆటగాళ్ళు. మొదటిసారి చూసినప్పుడు నాకూ అంతే.

ఈ మూడూ పల్లెటూరి బొమ్మను చూపించేవి. పల్లెటూరిని చూడ్డానికొచ్చినవాళ్ళ కథ వేరు.

1955లో డిమోయిన్ రిజిస్టర్ పత్రికలో లారెన్ సోత్ అనే ఆయన ఒక సంపాదకీయం రాశాడు. ప్రచ్ఛన్న యుద్ధం ముమ్మరంగా ఉన్న రోజులు. రష్యావాళ్ళకి తిండిగింజలూ పశువులూ ఎలా పెంచాలో కావాలంటే ఇక్కడికి రమ్మనండి, మా రహస్యాలు చూపిస్తాం, బాంబులకంటే అదే నయం అన్నది దాని సారాంశం. అలాంటి మాటలు పేపర్లో చదివి పక్కన పెట్టేస్తాం. మాస్కోలో పక్కన పెట్టలేదు. ఆ వేసవిలోనే సోవియట్ వ్యవసాయ బృందం అయోవా వచ్చింది. సోత్‌కి మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది.

వచ్చిన బృందానికి కూన్ రాపిడ్స్ అనే ఊళ్ళో రాస్‌వెల్ గార్స్ట్ అనే రైతు తగిలాడు. రైతంటే ఉత్త రైతు కాదు, హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాల వ్యాపారి. గొంతు పెద్దది, కోపం ముక్కు మీద ఉంటుంది. ఆయన కమ్యూనిస్టు కాదు, దగ్గర చుట్టం కూడా కాదు. ఆకలితో ఉన్నవాడు ప్రమాదకారి అన్న నమ్మకం ఒకటి, సరుకు అమ్ముడుపోవాలన్న తాపత్రయం ఒకటి. రెండూ ఒకే దిక్కు చూపించాయి. సోవియట్ దేశం వెళ్ళి క్రుశ్చేవ్‌ని కలిసి విత్తనాలు అమ్మి వచ్చాడు. 1959 సెప్టెంబరు 23న క్రుశ్చేవ్ స్వయంగా ఆయన పొలానికి వచ్చాడు. అణుబాంబులున్న దేశానికి అధిపతి, కోటేసుకుని, పశువుల మేత గుంటల పక్కన నిలబడ్డాడు. వందల మంది విలేఖరులు చేలో పడి తొక్కుతూ, మీద మీదకి వస్తుంటే గార్స్ట్‌కి ఒళ్ళు మండి, చేతికందిన పశుల మేత తీసి వాళ్ళ మీదకి విసిరాడు. న్యూయార్క్ టైమ్స్ విలేఖరి కాలి మీద తన్నాడు కూడా. క్రుశ్చేవ్ పడీ పడీ నవ్వాడట. తిరిగెళ్ళాక ఆయన మొక్కజొన్న ఎక్కడ పండుతుందో ఎక్కడ పండదో చూడకుండా చలిదేశాల్లో కూడా వేయించి చేతులు కాల్చుకున్నాడు. అది గార్స్ట్ చెప్పిన పాఠం కాదు.

తరవాత 1979 అక్టోబరు 4న పోప్ రెండో జాన్ పాల్ వచ్చారు. ట్రూరో అనే చిన్న ఊరి రైతు ఒకాయన చేత్తో ఉత్తరం రాసి పిలిచాడు. డిమోయిన్ పక్కనే పాతకాలపు వ్యవసాయాన్ని కళ్ళకి కట్టే లివింగ్ హిస్టరీ ఫార్మ్స్ అనే చోట మూడున్నర లక్షల మంది చేరారు. 1985లో చైనా నుంచి ఒక జిల్లా అధికారి మొక్కజొన్న పరిశ్రమ చూడ్డానికి వచ్చి, మస్కటీన్‌లో ఒకరింట్లో, కాలేజీకెళ్ళిన పిల్లాడి గదిలో పడుకున్నాడు. ఆయన పేరు షీ జిన్‌పింగ్. 2012 ఫిబ్రవరిలో ఉపాధ్యక్షుడి హోదాలో మళ్ళీ వచ్చి ఆనాటి మనుషుల్ని పేరు పేరునా పలకరించి వెళ్ళాడు.

ఆ సంవత్సరమే జూన్‌లో మా అమ్మా నాన్నగారూ వచ్చారు.

నాన్నగారికి అప్పటికి అరవై ఏళ్ళు. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో పెనుగొండకి దగ్గర్లో ఒక ఊరు. నాలుగున్నర ఎకరాల మాగాణి ఉండేది. నా ఎం.ఎస్.కి ఎకరంన్నర పోయింది, మూడెకరాలు మిగిలింది. వచ్చిన వారం రోజులకి ఆయనకి ఇల్లూ, మాలూ, టీవీ విసుగొచ్చాయి. మాడ్రిడ్ అనే ఊరి దగ్గర మా హిందూ గుడి ఉంది, చుట్టూ చేలే. ఆ గుడికి తీసుకెళితే దేవుడికి దణ్ణం పెట్టి, ప్రసాదం చేతిలో పట్టుకునే గట్టు దాటి చేలోకి వెళ్ళిపోయారు. పావుగంట తరవాత వెనక్కి వచ్చి ఒకటే మాట అడిగారు.

"చేలో మనుషులేర్రా?"

ఆయనకి ఇంకో సందేహం కూడా వచ్చింది. "కాలవేది?" డెల్టా రైతుకి కాలవ లేని పంట ఊహకి అందదు. ఇక్కడ దాదాపు అంతా వానే ఆధారం నాన్నా అన్నాను. నేల కింద గొట్టాలున్నాయి గాని అవి నీళ్ళు పెట్టడానికి కాదు, తీసెయ్యడానికి. ఈ రాష్ట్రంలో ఐదింట నాలుగు వంతుల పైన ఒకప్పుడు నిలువెత్తు గడ్డి మైదానం. ఉత్తరాన చాలా భాగం బురద. భూమిలో మట్టి గొట్టాలు పాతి నీళ్ళు లాగేసి సాగులోకి తెచ్చారు. ఇప్పుడు ఆ గడ్డి వెయ్యో వంతు కూడా మిగల్లేదు. "మన మురుగు కాలవల్లాంటివన్నమాట" అన్నారు. నాకు అంతవరకూ అలా తట్టలేదు. ఆ గడ్డి మైదానంలో ఉన్న మనుషులేమయ్యారో కూడా అడిగారు. మెస్క్వాకీలని ఒక తెగవాళ్ళని ఇక్కడినుంచి కాన్సస్‌కి తోలేస్తే, వాళ్ళలో కొందరు తిరిగొచ్చి, 1857లో టామా దగ్గర 80 ఎకరాలు డబ్బిచ్చి కొనుక్కుని, ఇప్పటికీ అక్కడే ఉన్నారని చెప్పాను. "వాళ్ళ నేల వాళ్ళే కొనుక్కున్నారా!" అని చాలాసేపు ఊరుకున్నారు.

ఆ వారాంతం డిమోయిన్‌లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వాళ్ళ భవనానికి వెళ్ళాం. నదిని ఆనుకుని, 1903లో లైబ్రరీ కోసం కట్టిన రాతి భవనం. ఆ బహుమతి నెలకొల్పిన నార్మన్ బోర్లాగ్ అయోవా రైతు బిడ్డ, క్రెస్కో దగ్గర పొలంలో 1914లో పుట్టాడు. ఆయన గోధుమ వంగడాలు మన దేశానికొచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఆ దారి ఇంకా వెనక్కి పోతుంది. బానిస తల్లికి పుట్టిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ చదువుకోడానికి ఏమ్స్ వచ్చి, తన ప్రొఫెసరు గారి చిన్న కొడుకుని వెంటబెట్టుకుని మొక్కలు చూపిస్తూ తిరిగేవాడు. ఆ పిల్లాడు హెన్రీ వాలెస్. 1926లో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాల కంపెనీ పెట్టింది ఆయనే, గార్స్ట్ అమ్మింది ఆయన విత్తనాలే. 1940లో ఉపాధ్యక్షుడిగా ఎన్నికై మెక్సికో వెళ్ళి, అక్కడి రైతుల పంట చూసి వచ్చి, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వాళ్ళకి చెప్పాడు. వాళ్ళు మొదలుపెట్టిన పనిలోకే 1944లో బోర్లాగ్ చేరాడు. నాన్నగారు ఇవన్నీ ఓపిగ్గా విన్నారు గాని, ఆయన కళ్ళు వెలిగింది వేరే చోట. మొదటి బహుమతి 1987లో మన స్వామినాథన్ గారిది. 1996లో బీచెల్, గుర్‌దేవ్ ఖుష్ అనే ఇద్దరు వరి శాస్త్రవేత్తలది. ఐ.ఆర్.8 వంగడం తయారుచేసినవాళ్ళలో ఆ బీచెల్ ఒకరని నేను చదివి చెప్పగానే, "ఐ.ఆర్. ఎయిటా!" అన్నారు, చిన్నప్పటి స్నేహితుడు కనపడ్డట్టు.

1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు ఐ.ఆర్.8 వేశారు. నాన్నగారికి పదిహేనేళ్ళు. బడి ఎగ్గొట్టి, ఇంకో ఇద్దరితో సైకిళ్ళ మీద ఆ చేను చూడ్డానికి వెళ్ళారట. "పొట్టి పైరురా. పడిపోదు. గట్టు మీద జనం, తిరణాలలాగా. ఇంటికొచ్చాక మా నాన్న వీపు చీరేశాడనుకో. ఆ మరుసటేడు మేమూ వేశాం. అన్నం చల్లారితే గులకరాళ్ళే, మీ నాయనమ్మ తిట్టని రోజు లేదు. కానీ గాదె నిండింది." ఇన్నేళ్ళలో నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మా ఆఫీసులో నాతో పనిచేసే ఒకామె పుట్టిల్లు కూన్ రాపిడ్స్ దగ్గర్లో వ్యవసాయం. జులై చివర ఒక ఆదివారం వాళ్ళ నాన్నని చూపిస్తానని మమ్మల్ని తీసుకెళ్ళింది. ఆ వేసవి మీకు గుర్తుండే ఉంటుంది, వాన లేదు. 2011లో అయోవా సగటు దిగుబడి ఎకరానికి 172 బుషెళ్ళు, అంటే దాదాపు 44 క్వింటాళ్ళు. 2012లో అది 137కి పడిపోయింది. మేం వెళ్ళేసరికి ఆకులు చుట్టుకుపోయి ఉన్నాయి. నాన్నగారు ఒక పొత్తు విరిచి, పొర వలిచి చూశారు. అక్కడక్కడా పట్టిన గింజలు. నోట్లో వేసుకోబోతే ఆ పెద్దాయన నవ్వి, ఇది మనుషులు తినే రకం కాదు, సగం పైగా కార్లలో పోసే ఇథనాల్‌కి పోతుంది, మిగిలిందాంట్లో ఎక్కువ పందులకి అన్నాడు. నాన్నగారు పొత్తుని మెల్లిగా మొక్క మొదట్లో పెట్టారు. పారెయ్యలేదు.

ఆయనకి అరవై ఎనిమిది. 1,100 ఎకరాలు, ఒక్క పనివాడు. ఆ చావిట్లో కూర్చుని వాళ్ళిద్దరూ మూడు గంటలు మాట్లాడుకున్నారు, నేను దుబాసీని. ఎండిపోయింది కదా ఎలాగ అంటే బీమా ఉందన్నాడు. మా పక్క కోనసీమలో పోయినేడు రైతులు పంట విరామం ప్రకటించారని, గిట్టుబాటు లేక అసలు వెయ్యలేదని నాన్నగారు చెప్పమన్నారు. పెద్దాయనకి అర్థమైంది, కొత్తగా కూడా అనిపించలేదు. 1983లో గవర్నమెంటే మమ్మల్ని వెయ్యొద్దని గింజలు ఎదురిచ్చింది అన్నాడు. ఆ తరవాత ఆయన చెప్పినవి కరపత్రాల్లో ఉండవు. 1981లో ఇక్కడ ఎకరం సగటున 2,147 డాలర్లు. ఆ ధర చూపించి బ్యాంకులు అప్పులిచ్చాయి, వడ్డీలు పెరిగాయి, అంతకు ముందే 1980లో రష్యాకి గింజలు అమ్మకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. 1986 నాటికి ఎకరం 787 డాలర్లకి దిగింది. తన తమ్ముడి వాటా వేలంలో పోయిందన్నాడు. 1985 డిసెంబరులో హిల్స్ అనే ఊళ్ళో అప్పుల్లో మునిగిన ఒక రైతు భార్యనీ, బ్యాంకు పెద్దనీ, పొరుగు రైతునీ కాల్చి, తననీ కాల్చుకున్నాడు. ఈ మాట తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పాక నాన్నగారు "మనవాళ్ళు ఎదుటివాణ్ణి చంపరు, మందు తాగి వాళ్ళే పోతారు" అన్నారు. అది నేను ఇంగ్లీషులోకి మార్చలేదు.

'ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్' ఆ రోజులు గడిచిన మూడు, నాలుగేళ్ళకి వచ్చిన సినిమా. ఆ తరవాత దాన్ని ఇంకోలా చూశాను.

ఇప్పుడు ఎకరం ఎంత అని నాన్నగారు అడిగారు. ఆ ఏటి సగటు 8,296 డాలర్లని తరవాత లెక్కల్లో చూశాను, అప్పటి మన రూపాయల్లో నాలుగున్నర లక్షల లోపు. మా ఊళ్ళో అప్పటికి అంతకి నాలుగైదు రెట్లు. పెద్దాయన ఆశ్చర్యపోయి, మరి అమ్మెయ్యరేం అన్నాడు. నాన్నగారు నవ్వి ఊరుకున్నారు. ఆయన అమెరికా వచ్చిందే ఆ మూడెకరాలు అమ్మే విషయం నాతో తేల్చుకోడానికని అమ్మ నాకు ముందే చెప్పింది. ఆ రోజు గాని, ఆ తరవాత గాని ఆయన ఆ ఊసు ఎత్తలేదు. బయల్దేరేముందు పెద్దాయన, పదిహేనేళ్ళప్పుడు తను రోడ్డు పక్కన నిలబడి క్రుశ్చేవ్ కార్లు వెళ్ళడం చూశానన్నాడు. బట్టతల ఒక్క క్షణం మెరిసిందట, అంతే. నాన్నగారు సైకిలు కథ చెప్పమన్నారు. చెప్పాను.

నాన్నగారు 2019లో పోయారు. మూడెకరాలు నా పేరు మీదికి వచ్చాయి, కౌలుకిచ్చాను. అయోవాలో కూడా సగానికి పైగా పొలం కౌలు మీదే ఉంది. ఇక్కడి పెద్దాయన చెయ్యలేక 2016లో పక్క రైతుకి ఇచ్చేశాడు. ఇప్పుడా అద్దె ఆయన కూతురికీ, మినియాపొలిస్‌లో సాఫ్ట్‌వేర్ చేసే కొడుక్కీ పంచుతాడు. అప్పుడప్పుడు ఆఫీసు క్యాంటీన్లో నేనూ ఆమే లెక్కలు చెప్పుకుంటాం. ఆమె ఎకరానికి ఇన్ని డాలర్లు అంటుంది, నేను ఇన్ని బస్తాలు అంటాను. ఇద్దరం పొలం చూసి ఎన్నాళ్ళయిందో మాత్రం ఒకరినొకరం అడగం.

ఈ మేలో కూడా అన్నయ్య ఫోన్ చేశాడు. ఆగస్టులో రమ్మన్నాను. అప్పుడు స్టేట్ ఫెయిర్ ఉంటుంది, 1911 నుంచీ వస్తున్న వెన్న ఆవు ఉంటుంది, దాదాపు 270 కిలోల వెన్నతో నిలువెత్తున చేస్తారు. పిల్లలకి నచ్చుతుంది. ఫెయిర్ అయ్యాక ఒక చోటికి తీసుకెళతాను, రెండు గంటల పని, గట్టు మీద నడవాలి, బూట్లు తెచ్చుకో అన్నాను. "అక్కడేముందిరా?" అన్నాడు. చేను అన్నాను.